తల ముందా, కాళ్లు ముందా

ఇంటికి పంపే రోజు ఉదయం, ఆస్పత్రిలో పదిహేడో నంబరు మంచం చుట్టూ ఉన్నవాళ్లు: పాంగి రాజారావు, వయసు ఇరవై ఆరు, మిరియాలు కోసే పని. అతని భార్య బుద్రి. అతని పెదనాన్న దొన్ను, ఊళ్లో నలుగురూ మాట వినే మనిషి. డ్యూటీ నర్సు. ఫిజియోథెరపిస్టుని నేను.

ఉన్నవి: ఒక చేతికర్ర, రెండు రకాల మాత్రలు, ఒక పాత దుప్పటి, ఇంగ్లీషులో టైపు చేసిన డిశ్చార్జి కాగితం, కంటికి కనిపించని ఒక ఎముక. ఆ ఎముక రాజారావు పుర్రెలోది. ఎడమ వైపు నుంచి అరచేయంత ముక్క. దెబ్బకు వాచిన మెదడుకు చోటివ్వడానికి సర్జన్లు దాన్ని కోసి తీశారు. పాడవకుండా అతని పొట్ట చర్మం కిందే దాచారు. వాపు పూర్తిగా దిగాక అక్కణ్ణుంచి తీసి మళ్లీ తలకు అమర్చాలి. అంతవరకు ఎడమ కణత మీద మెదడుకూ లోకానికీ మధ్య ఉన్నది చర్మం ఒక్కటే.

లేనివి: ఆ కాగితంలో ఒక్క తెలుగు వాక్యం. రాజారావు ఊరికి రోడ్డు లేదన్న సంగతి తెలిసిన ఒక్క డాక్టరు.

నాకు ముప్పై నాలుగేళ్లు. రిటైర్మెంట్ అన్న మాట ఈ వయసులో వాడితే నవ్వుతారు. కాని తలకు పెద్ద దెబ్బ తగిలి ఆపరేషన్ అయినవాళ్లతో పదకొండేళ్లు పని చేసి తప్పుకున్నాను. మొదట విశాఖలో ఒక ప్రైవేటు ఆస్పత్రి న్యూరో వార్డులో, తర్వాత అదే ఆస్పత్రి తరఫున అరకు, పెదబయలు కొండల్లో ఇళ్ల వెంట తిరిగి. మళ్లీ వెళ్లను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఫోన్ చేసి జాబ్ ఎలా ఉంటుందన్నా అని అడుగుతున్నారు. జీతం, సర్టిఫికెట్లు, ప్రమోషన్ల సంగతి ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది వేరు. కోపం తగ్గాక రాద్దామని ఒక ఏడాది ఆగాను. తగ్గలేదు. అందుకని ఇలాగే రాస్తున్నాను.

డోలీ నియమం

కాఫీ తోటల్లో నీడ కోసం సిల్వర్ ఓక్ చెట్లు వేస్తారు. వాటికి మిరియాల తీగ పాకిస్తారు. తీగ ఎంత ఎత్తు పోతే మనిషీ అంత ఎత్తు పోవాలి. నిచ్చెన అంటే ఒకే ఒక్క వెదురు గడ. కణుపుల దగ్గర కొమ్మల మొదళ్లు వదిలి నరుకుతారు, అవే మెట్లు. ఒక చేత్తో గడ పట్టుకుని, ఇంకో చేత్తో కోయాలి. నడుముకు తాడు ఉండదు. రాజారావు పడినప్పుడు గడ పక్కకు తిరిగింది, అతను కింద రాతి కట్ట మీద పడ్డాడు.

ఊరి నుంచి తారు రోడ్డు దాకా కొండ దిగాలి. దారి అంటే కాలిబాట, మధ్యలో ఒక వాగు. డోలీ కట్టారు. తెలియనివాళ్ల కోసం: లావుపాటి గడకు దుప్పటి రెండు కొసలా ముడేసి, అందులో మనిషిని పడుకోబెట్టి, గడను భుజాల మీద మోస్తారు. వాళ్ల ఊళ్లో డోలీకి ఒక నియమం ఉంది. బతికున్న మనిషిని తల ముందు పెట్టి మోయాలి. కాళ్లు ముందు పెట్టి మోసేది శవాన్ని. కొండ ఎక్కేటప్పుడైనా దిగేటప్పుడైనా ఇంతే.

ఎక్కేటప్పుడు ఈ నియమంతో ఇబ్బంది లేదు, తల పై వైపుకే ఉంటుంది. దిగేటప్పుడు తల పల్లానికి వస్తుంది. తాజాగా దెబ్బ తిని వాస్తున్న మెదడుకు అంతకన్నా చెడ్డ భంగిమ లేదు. రాజారావు ఆ దారంతా తలకిందులుగా వచ్చాడు, రోడ్డు దగ్గరికి వచ్చేసరికి రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. దానివల్లే వాపు పెరిగిందని నేను చెప్పను, రుజువు లేదు. సాయం మాత్రం చెయ్యలేదు.

మా యూనిట్ హెడ్ గొప్ప సర్జన్. ఆ సంగతి ముందే రాస్తున్నాను, ఎందుకంటే ఇకపై రాసేవన్నీ ఆయన మీద ఫిర్యాదులే. ఆ రాత్రి ఆయన రాజారావు ప్రాణం నిలబెట్టారు. మర్నాడు రౌండ్స్‌లో కేస్ షీట్ చూస్తూ, తీసుకురావడం లేటు చేసింది బంధువులే అని రాయమన్నారు. నలుగురు మనుషులు భుజాలు కాయలు కాసేలా కొండ దింపి తెస్తే, ఆ కాగితం మీద వాళ్లు నేరస్థులయ్యారు.

మంచం దగ్గర బేరం

తలకు ఆపరేషన్ అయిన వాళ్లందరికీ మా ఆస్పత్రిలో ఒకే సూత్రం చెబుతారు: తల ముప్పై డిగ్రీల ఎత్తులో ఉంచండి. మంచానికి హ్యాండిల్ ఉన్న చోట అది సులువు. డిశ్చార్జి రోజు నేను దొన్నుకు ఆ సంగతి చెబుతూ, చెకప్‌కి తీసుకొచ్చేటప్పుడు కొండ దిగేదంతా కాళ్లు ముందు పెట్టి మోయండి, అప్పుడు తల పైకి ఉంటుంది అన్నాను.

దొన్ను ఒప్పుకోలేదు.

"ఏటి బాబూ, బతికున్నోడిని శవంలాగ మోయమంటన్నావేటి?"

సగం నిండిన నీళ్ల సీసా తీసి వంచి చూపించాను. తల పల్లానికి ఉంటే లోపలి ఒత్తిడి ఎటు పోతుందో అతనికి వెంటనే అర్థమైంది. అతని ఇబ్బంది అది కాదు. "నీళ్ల సంగతి తెలిసింది. దారిలో ఎదురొచ్చినోళ్లు మమ్మల్ని సూసి ఏడుపు మొదలెడితే ఏటి సెయ్యాలి?" అన్నాడు.

బుద్రి మధ్యలో అందుకుంది. "సావలేదని ఈయనే సెప్తాడు. మలుపు మలుపుకీ పిలవండి. పలుకుతాడు."

నర్సు నవ్వింది. దొన్ను ఆలోచించాడు. శవం పలకదు, కాబట్టి పలికేది శవం కాదు. నియమానికి నియమం నిలబడింది. "ఒకేళ శవమే పలికితే, మేం డోలీ అక్కడే ఒదిలేసి పారిపోతాం" అన్నాడు. మంచం మీద రాజారావు మూతి ఒక వైపుకు సాగింది. నవ్వు అది. ఎడమ మెదడు దెబ్బ తిన్నది కాబట్టి కుడి చెయ్యి, కుడి కాలు బలహీనం, మాట సగం పోయింది. అప్పటికి అతనికి తిరిగి వచ్చిన మాటలు పదో పన్నెండో. వాటిలో "ఓయ్" ఒకటి. పిలిస్తే పలకడానికి అది చాలు.

ఈ బేరం గురించి యూనిట్ హెడ్‌కి ఎంతో సంతోషంగా చెప్పాను. ఆయన కూడా సంతోషించారు. తర్వాత ఏదో సదస్సులో దీన్ని ఒక స్లైడ్ చేసి, గిరిజనుల మూఢాచారాన్ని మా టీమ్ ఎలా జయించిందో చెప్పారట. అక్కడ చప్పట్లు కూడా కొట్టారట.

ఆ రోజు బుద్రికి కాగితంలో లేనివి నోటితో చెప్పాను. ఈ పనిలోకి వచ్చే మీరు ఎవరి ఇంటికి వెళ్లినా ఇవి చెప్పండి, రెండుసార్లు చెప్పించుకోండి. మనిషి బాగున్నా మూర్ఛ మాత్ర ఆపకూడదు, ఆపితే మూర్ఛ వస్తుంది. ఎముక లేని వైపు పడకూడదు, దెబ్బ తగలకూడదు. కుట్ల దగ్గర తడి, జ్వరం కనిపిస్తే రావాలి. ఎముక లేని చోట చర్మం ఉబ్బి గట్టిపడితే, మనిషి మగతగా ఉండి బట్టల్లోనే మూత్రం పోసుకుంటుంటే, లోపల నీరు చేరుతున్నట్టు, వెంటనే రావాలి. అదే చోటు లోతుగా పల్లం పడుతూ మనిషి నీరసిస్తుంటే, అదీ చెప్పాలి. కాగితం మీద వీటన్నిటికీ కలిపి మూడు అక్షరాలు ఉన్నాయి: ఎస్ ఓ ఎస్. అవసరమైతే రండి అని అర్థం. ఏది అవసరమో రాయలేదు.

బుద్రి ఇంటికి వెళ్లాక రోజూ పొద్దున్నే వేళ్ల వెనక భాగంతో ఆ చోటు తడిమి చూసేది. దొన్ను వెదురుతో ఒక టోపీ అల్లి, లోపల బూరుగు దూది కుట్టించాడు. మా ఆస్పత్రి స్టోర్స్‌లో అమ్మే హెల్మెట్ కన్నా అది తేలిక, గాలి ఆడుతుంది. నెల తిరిగేసరికి రాజారావు కర్ర పట్టుకుని వాకిట్లో తిరిగాడు. మొదటి చెకప్‌కి ఒప్పందం ప్రకారమే కొండ దిగాడు. కాళ్లు ముందు. మలుపు మలుపుకీ పిలుపు. ఎదురొచ్చిన ఒక ముసలామె ఏడవబోయి, ఇతను "ఓయ్" అనగానే జడుసుకుని కూలబడిందని నాకు తర్వాత నలుగురూ నాలుగు రకాలుగా చెప్పారు.

"మంచి రికవరీ"

ఇక్కడ ఇంకో కేసు చెప్పి మళ్లీ రాజారావు దగ్గరికి వస్తాను.

పెదబయలు వైపు ఒక ఊళ్లో జోసఫ్ మాస్టారు. బడి పంతులు, ఆదివారం చర్చిలో పాటలు మొదలుపెట్టేది ఆయనే. బైకు మీద నుంచి పడి నుదుటి వెనక మెదడు నలిగింది. ఆపరేషన్ అయింది. చేతులూ కాళ్లూ మాటా అన్నీ బాగున్నాయి. మా ఆస్పత్రి కొలబద్ద ప్రకారం ఆయనది మంచి రికవరీ. ఆ మాట ఫైల్లో రాసి ఫైలు మూసేశారు.

ఇంటికి వెళ్తే ఆయన భార్య కరుణమ్మ గారు టీ ఇచ్చి, ఆయన పెరట్లోకి వెళ్లేదాకా ఆగింది. "పాస్టరు గారి మొహం మీదే, నీ ప్రసంగం కన్నా మా మేక అరుపు నయం అన్నారండి" అంది. "అది అబద్ధమని కాదు. ముప్పై ఏళ్లుగా అందరికీ తెలిసిందే. కాని అనకూడదు కదండీ."

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. తర్వాత మిగిలినవి చెప్పింది. కంచం విసిరేస్తున్నారు. బడి పిల్లల్ని కొట్టబోయారు, హెడ్‌మాస్టరు సెలవు పెట్టించారు. ఊళ్లో తాగుడు అంటగట్టారు, జీవితంలో చుక్క ముట్టని మనిషికి. మనిషిని బతికించి పంపారు గాని ఈయన ఎవరో నాకు తెలీటం లేదు బాబూ అని, ఇది దెబ్బ వల్ల వచ్చిందని కనీసం ఒక ముక్క రాసి ఇస్తే చర్చిలో చూపించుకుంటానని అడిగింది.

నుదుటి వెనక మెదడు నలిగితే కోపం, మొహమాటం, అదుపు మారిపోతాయని వైద్యులందరికీ తెలుసు. ఆమెకు ఒక్కరూ చెప్పలేదు. యూనిట్ హెడ్‌ని ఆ ముక్క రాసివ్వమని అడిగితే, సైకియాట్రీకి రిఫర్ చెయ్యి అన్నారు. సైకియాట్రిస్టు ఉన్నది విశాఖలో, మాస్టారు ఉన్నది పెదబయలు అవతల. చివరికి ఆ ముక్క నేనే రాసిచ్చాను, నా సంతకంతో, చెల్లదని తెలిసే. కరుణమ్మ గారు దాన్ని చర్చిలో చదివించారు. చెల్లింది.

కూర్చుంటే పోయే మాట

రాజారావు ఎముక తిరిగి పెట్టాల్సిన గడువు వచ్చింది. తేదీ ఇచ్చారు. మార్చారు. మళ్లీ ఇచ్చారు. ఆపరేషన్ థియేటర్ ఖాళీ లేదని మళ్లీ మార్చారు. ఎవరి కోసం ఖాళీ లేదో నాకు తెలుసు. చెప్పి లాభం లేదు.

ఆస్పత్రి భాషలో ఈ ఆపరేషన్‌కి ఎలెక్టివ్ అని పేరు. తొందర లేదు, వీలు చూసుకుని చేసేది అని అర్థం. ఎవరి వీలు అని అడగకూడదు. పుర్రెలో అరచేయంత కంత ఉన్న మనిషికి తొందర లేదని, పుర్రె పూర్తిగా ఉన్నవాళ్లు తేల్చేశారు.

ఆ మధ్యలో నేను ఊరికి వెళ్లాను. రాజారావు నేల మీద పడుకుని ఉన్నాడు. నన్ను చూసి పేరు పెట్టి పిలిచాడు, వానల గురించి ఒక వాక్యం కూడా అన్నాడు. సంతోషపడి లేపి గోడకు ఆనించి కూర్చోబెట్టాను. కొద్ది నిమిషాలకు మాట తడబడింది. కుడి చెయ్యి ఒళ్లోంచి జారిపోయింది. కళ్లు ఎటో చూశాయి. పడుకోబెడితే కాసేపటికి మళ్లీ మనిషయ్యాడు.

"వారం బట్టీ ఇంతే" అంది బుద్రి. "కూకుంటే మాట పోతాది. తొంగుంటే వత్తాది. ఊరోళ్లు వొళ్లు బరువంటన్నారు, పనికి ఒంగలేక నాటకమని."

వెదురు టోపీ తీసి చూశాను. ఎముక లేని చోట చర్మం గిన్నెలా లోపలికి దిగిపోయి ఉంది. వాపు దిగిన మెదడు మీద బయటి గాలి ఒత్తిడి నేరుగా పడుతోంది. లేచి కూర్చుంటే లోపలి నీరు కిందికి దిగి, మెదడు ఇంకా నలుగుతుంది. ఇది పుస్తకాల్లో ఉన్న సంగతే. మందు ఒక్కటే, ఎముక వెనక్కి పెట్టడం. అంతవరకు మనిషిని వెల్లకిలా ఉంచాలి, నీళ్లు బాగా తాగించాలి. అంటే ముప్పై డిగ్రీల సూత్రం ఇప్పుడు తలకిందులైంది. నిన్నటిదాకా కాపాడిన ఎత్తే ఇక హాని.

ఊరి బయట ఒక బండ మీద మాత్రమే సిగ్నల్ వస్తుంది. అక్కడికి వెళ్లి, కూర్చున్నప్పుడు ఒకటి, పడుకున్నప్పుడు ఒకటి తీసిన రెండు వీడియోలు యూనిట్ హెడ్‌కి పంపాను. ఇది అర్జెంటు, తేదీ కావాలి, తల ఎత్తు సూత్రం మార్చమని ఊరికి చెప్పాలా అని రాశాను. చాలాసేపటికి జవాబు వచ్చింది. ఒక బొటనవేలు బొమ్మ. ఫోన్ చేస్తే, తేదీ చూస్తాను, ఫీల్డ్‌లో నువ్వు సొంతంగా ప్రోటోకాల్ మార్చకు, నేను చెబుతాను అన్నారు. బుద్రితో మాత్రం పడుకోబెట్టే ఉంచమని, నీళ్లు తాగించమని చెప్పి దిగాను, డోలీ మాట ఎత్తలేదు. ఆయన చెబుతానన్నది రాలేదు.

వాగు దగ్గర

తేదీ వచ్చింది, నాకు కాదు. ఆస్పత్రి ఆఫీసు నుంచి ఎవరో నేరుగా ఊరికి కబురు పెట్టారు: రేపే బయల్దేరండి, ఈ రాత్రి నుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు. చేరగానే పరీక్షలు, ఆపరేషన్ ఇంకో మూడు రోజులకు. అందరికీ చెప్పే మాటే ఈ మనిషికీ చెప్పారు. నీళ్లు లేకపోతే మరింత దిగిపోయే మెదడుకు రాత్రంతా చుక్క నీరు పడలేదు.

నాకు తెలిసేసరికి వాళ్లు బయల్దేరిపోయారు. జీపు దిగి ఎదురు ఎక్కాను. వాగు దగ్గరికి వచ్చేసరికి పైనుంచి దొన్ను పిలుపు వినిపించింది. జవాబు వినపడలేదు. దూరం వల్ల అనుకున్నాను. ఇంకో మలుపు దిగారు, ఈసారి వాళ్లు నాకు కనిపిస్తున్నారు. దొన్ను మళ్లీ పిలిచాడు. గొంతు కొండకు తగిలి వెనక్కి వచ్చింది. రాజారావు పలకలేదు.

కాళ్లు ముందు ఉన్నాయి. తల కింద మడత పెట్టిన గోనెసంచి. మేం చెప్పినట్టే, ఒక్కటి కూడా తప్పకుండా.

"మొదటి మలుపుకి పలికాడు. రెండోదానికి మూలిగాడు" అన్నాడు దొన్ను. "నువ్వు సెప్పినట్టే మోత్తన్నాం బాబూ. కాళ్లే ముందు."

డోలీ దింపించాను. గోనెసంచి లాగేసి నేల మీద తల పల్లం వైపుకు వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ల కింద రాయి ఎత్తు పెట్టాను. తలలో పల్లం నేను చూసినప్పటికన్నా లోతు. ఎడమ కంటిపాప రెండోదానికన్నా పెద్దది. నాడి నెమ్మదించింది. నా సంచిలో బి.పి. మిషను, ఒక టేపు, ఒక టార్చి ఉన్నాయి. నా చదువులో, పదకొండేళ్ల అనుభవంలో ఆ నిమిషం పనికొచ్చింది ఏటవాలు నేల ఒక్కటే. బుద్రి అతని చెవి దగ్గర ఏదో అంటూనే ఉంది, వాళ్ల భాషలో, పిల్లవాణ్ణి తిట్టినట్టు.

కొంతసేపటికి కళ్లు తెరిచాడు. మింగగలడని చూసుకుని కొద్దికొద్దిగా నీళ్లు పట్టించాను.

"తిప్పండి. ఇక్కణ్ణుంచి తల ముందు పెట్టి దింపండి" అన్నాను.

మోసేవాళ్లు మిగిలిన ముగ్గురూ దొన్ను వైపు చూశారు.

"అప్పుడు కాళ్లు ముందన్నావు" అన్నాడు దొన్ను. "తాతల నాటి పద్దతి మార్సేనని ఊరంతా నన్ను తిట్టింది. పడ్డాను. ఇప్పుడు తల ముందంటన్నావు. నీ సదువు ఏటి బాబూ, పూటకో మాటా?"

"అప్పుడు లోపల వాపు ఉంది. ఇప్పుడు పల్లం పడింది. అప్పటికి అది, ఇప్పటికి ఇది."

"ఆ మాట మాకు ముందు సెప్పొచ్చు గదా."

దానికి జవాబు విశాఖలో చెప్పాలి, వాగు ఒడ్డున కాదు. దొన్ను గడ కింద భుజం పెట్టి, "బేగి పట్టండి" అన్నాడు. డోలీ తిరిగింది. రాజారావు తల ముందుకు వచ్చి, పల్లానికి వేలాడింది. వాళ్ల తాతలు ఎలా మోసేవారో అలాగే.

తర్వాతి మలుపు దగ్గర దొన్ను పిలవలేదు. పిలవడానికి భయపడ్డాడనుకుంటాను. బుద్రి పిలిచింది. దుప్పటిలోంచి "ఆఁ" అని వచ్చింది, దగ్గరున్నవాళ్లకే వినపడేంత. ఇంకో మలుపు దాటాక "ఓయ్" అన్నాడు. వెనక మోస్తున్నవాడు, "ఈ శవానికి పొగరు తగ్గలేదురా" అన్నాడు. బుద్రి వాణ్ణి తిట్టింది. తిడుతూనే ఏడ్చింది.

ఇది చదివి, తలకు దెబ్బ తగిలిన ప్రతివాణ్ణీ తలకిందులుగా దింపకండి. తాజా దెబ్బకు, ఉబ్బిన తలకు ఎత్తే కావాలి. నేను చెప్పేది ఎముక తీసి, వాపు దిగి, పల్లం పడ్డ తల గురించి మాత్రమే.

అంబులెన్సు, ఆస్పత్రి

రోడ్డు దగ్గర అంబులెన్సు టెక్నీషియన్ కొత్త కుర్రాడు. స్ట్రెచర్ తలవైపు ఎత్తబోయాడు. వద్దన్నాను. ప్రోటోకాల్ సార్ అన్నాడు. కారణం చెప్పాను. సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశాడు, ఆయనా ప్రోటోకాల్ అన్నారు. ఆ ఫోన్ తీసుకుని నా పేరు, నా నంబరు చెప్పి బాధ్యత నాది అన్నాను. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. అతనికి సూత్రం ఇచ్చారు, అది ఎప్పటిదాకా చెల్లుతుందో చెప్పలేదు. మాత్రల అట్ట మీద గడువు తేదీ అచ్చు వేస్తారు. మేం చెప్పే సూత్రాలకు ఎవరూ వెయ్యరు.

యూనిట్ హెడ్ రాజారావుని చూసిన నిమిషంలోపే విషయం పట్టుకున్నారు. ముందే చెప్పాను, గొప్ప సర్జన్. మర్నాడు పొద్దున్నే మొదటి కేసుగా తీసుకున్నారు. ఎలెక్టివ్ ఎమర్జెన్సీ అయ్యాక థియేటర్ ఖాళీ అయింది. పొట్టలోంచి తీసిన ఎముక అంచులు ఆలస్యానికి కొంత కరిగి ఉన్నాయి. పెట్టి స్క్రూలు బిగించారు, ముందు వైపు సందు మిగిలింది.

బయటికి వచ్చి నా భుజం తట్టి, గుడ్ పికప్, బాగా కనిపెట్టావు అన్నారు. ఫోన్ తీసి నేను పంపిన వీడియోలు, వాటి కింద ఆయన బొటనవేలు చూపించాను. "రోజుకు ఎన్ని మెసేజ్‌లు వస్తాయో తెలుసా నీకు?" అన్నారు. తెలియదన్నాను. ఒక్కటే అడిగాను: ఎముక తీసిన ప్రతి పేషెంట్‌కీ తెలుగులో ఒక పేజీ ఇద్దాం, ఏ సూత్రం ఏ దశలో ఆగిపోతుందో అందులో రాద్దాం. మంచి ఐడియా, మీటింగ్‌లో పెడదాం అన్నారు. తర్వాత చాలా మీటింగులు అయ్యాయి. వాటిలో ఒకదాంట్లో రాజారావు కేసు స్లైడ్‌గా కూడా వచ్చింది, సకాలంలో గుర్తింపు అన్న శీర్షికతో. ఆ పేజీ మాత్రం రాలేదు. ఆ స్లైడ్ చూసిన వారంలో నేను రాజీనామా ఇచ్చాను.

కొత్తగా వచ్చేవాళ్లకు

కొండ మీద మీకు ఎదురయ్యే ఆచారాలతో పోట్లాడే ముందు, మీ ఆస్పత్రి ఆచారాలను ఒకసారి లెక్క పెట్టుకోండి. దొన్ను తన ఆచారాన్ని ఒక మంచం పక్కన, ఒక సీసా నీళ్లు చూసి మార్చుకున్నాడు. దానికి ఊళ్లో తిట్లు తిన్నాడు. మా వాళ్లు తమ ఆచారాన్ని ఒక మనిషి కంటిపాప పెద్దదయ్యేదాకా మార్చలేదు. వాళ్లను ఎవరూ తిట్టలేదు.

ఇంకోటి. పేషెంట్‌ని ఇంటికి పంపేటప్పుడు ఇల్లు ఎక్కడో అడగండి. ఊరి పేరు కాదు, దారి. ఎక్కుడెంత, దిగుడెంత, ఎవరు మోస్తారు, ఎలా మోస్తారు. జవాబు విన్నాక నోరు తెరవండి.

రాజారావు ఊరికి మొన్న వెళ్లాను, ఉద్యోగంలో లేకుండానే. మాట చాలావరకు వచ్చింది, నెమ్మదిగా. మూర్ఛ ఒకసారి వచ్చింది, మాత్ర వదలడం లేదు కాబట్టి రెండోసారి రాలేదు. చెట్టెక్కడు, ఇక ఎప్పటికీ ఎక్కడు. వేరే ఎవరో ఎక్కి కోసినవి అరుగు మీద కూర్చుని కంకుల నుంచి గింజ రాలుస్తాడు. బుద్రి నన్ను చూడగానే ఈసారి ఏది ముందు పెట్టమంటావు బాబూ అని అడిగింది. దొన్ను పడీ పడీ నవ్వాడు.

చేతి పట్టు కొలిచే మిషను నాతో తీసుకెళ్లాను. డిశ్చార్జి అయిన నెలకు, తేదీలు మార్చక ముందు, అతని కుడి చేతి పట్టు పద్దెనిమిది కిలోలు. మొన్న మూడుసార్లు పట్టించాను, మూడింటిలో పెద్దది తీసుకున్నాను. పదకొండు.